నిటారుగా కూర్చున్నాననుకున్నాను

యాభై దాటాక గుర్రపుస్వారీ నేర్చుకోవాలనిపించింది. మలికిపురం దగ్గర మా కొబ్బరితోటని ఆనుకుని కాస్త ఖాళీ మెరక ఉంది. పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పే ఆయన ఆ పని మానేస్తున్నారని తెలిసి, ఆయన ఎర్ర ఆడగుర్రాన్ని కొన్నాను. నేర్పడానికి రాజోలు నుంచి ఒక మాస్టారు వచ్చేవారు. పోలీసు గుర్రపుదళంలో చేసి రిటైరైన మనిషి.

చిక్కంతా క్యాంటర్‌తోనే వచ్చింది. మామూలు కుదుపు నడక దాటాక, ఉయ్యాల ఊగినట్టు మూడు డెక్కల చప్పుళ్ళ లయలో సాగే పరుగు అది. మా గుర్రం నాలుగడుగులు అలా వేసి, మెడ బిగించి, మళ్ళీ కుదుపులోకి పడిపోయేది.

“పగ్గాలు గుంజేస్తున్నారండీ, వదలండి,” అనేవారు మాస్టారు. వదిలితే తల దించుకుని దూసుకుపోయేది. “మరీ వదిలేసేరు, పట్టుకోండి!” పట్టుకుంటే ఆగిపోయేది.

“ఇంతకీ పట్టుకోమంటారా, వదలమంటారా?” అన్నాను ఒకరోజు విసుగ్గా.

“రెండూనండీ. దాని మెడ ఎటెళ్తే మీ చెయ్యి అటెళ్ళాలి.”

తల ఊపాను గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

గట్టు మీద నిలబడి చూస్తున్న మా ఆవిడ కేకేసింది. “ఏవండీ, మీరు ఎడం పక్కకి ఒరిగిపోతున్నారు!”

“నిటారుగానే ఉన్నాను.”

మాస్టారు గుర్రం వెనక్కి వెళ్ళి చూశారు. “ఆయ్, అమ్మగారు చెప్పింది నిజమేనండీ.”

నాకు ఒళ్ళు మండింది. మా ఆవిడ ఫోనులో వీడియో తీసి చూపించింది. ఎడమ భుజం కిందికి జారి ఉంది. ఆ ఒరుగు ఆపుకోవడానికి ఎడమచేత్తో పగ్గాన్ని లాగి పట్టుకుని ఉన్నాను. ఎప్పుడో స్కూటరు మీంచి పడి ఆ వైపు భుజం ఎముక విరిగింది. అప్పట్నుంచీ ఇలాగే ఉన్నానేమో, తెలియదు.

మాస్టారు నా నడుం పట్టుకుని సర్దారు. “ఇదండీ మధ్య.”

నాకేమో కుడివైపు జారిపోతున్నట్టే అనిపించింది. ఆ భయంతోనే గుర్రాన్ని కదిలించాను. అది మెడ చాచి, మెరకంతా ఒక చుట్టు క్యాంటర్‌లోనే తిరిగింది. దిగి మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

“ఇప్పుడు నేనేం చేశానండీ?”

“పడిపోతానని పగ్గంతో దాని నోరు పట్టుకు వేలాడ్డం మానేసేరండీ.”

గుర్రానికి బాగుంది, చూసేవాళ్ళకీ బాగుంది. నాకు మాత్రం ఇప్పటికీ సరిగ్గా కూర్చున్న రోజే వంకరగా కూర్చున్నట్టుంటుంది. ఎవరిని నమ్మాలో తెలియక, ఎక్కగానే గట్టు వైపు చూసి, నిటారుగా ఉన్నానా అని మా ఆవిడని అడుగుతుంటాను.