సైలెన్సరు మార్చని బండి

అలీ సాహెబ్ షెడ్డుకి పాత బళ్ళ కోసం వచ్చేవాళ్ళు లీటరుకి ఎంతిస్తుందని అడుగుతారు, తర్వాత ఆఖరి రేటు అడుగుతారు. ఆదెమ్మ ఆ రెండూ అడగలేదు.

"నాగేంద్రబాబు కంటే ముందు యార్డులోకి పోవాల. అట్టాంటి బండి చూడు సాయిబన్నా," అంది.

అది 2002 ఫిబ్రవరి. గుంటూరు మిర్చి యార్డుకి కొత్త కాయ దిగుతోంది. మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె టిక్కీలతో లారీలు ఏటుకూరు రోడ్డు పొడవునా నిలబడి ఉన్నాయి. ఆ ఘాటుకి షెడ్డులో కూర్చున్నవాళ్ళు కూడా తుమ్ముతున్నారు. ఆదెమ్మ కొంగు ముడిలో కమ్మలు అమ్మిన డబ్బు ఉంది. చెవులకు వేపపుల్లలు ఉన్నాయి.

నాగేంద్రబాబుది యార్డు గేటుకి ఎదురు సందులో మెస్సు. కమీషన్ కొట్ల గుమాస్తాలకీ, టిక్కీలు మోసే ముఠా కూలీలకీ మధ్యాహ్నం క్యారేజీలు అక్కణ్ణుంచే పోయేవి. పదకొండేళ్ళు ఆ క్యారేజీల్లోకి వండింది ఆదెమ్మ. పెరట్లో, రేకుల పంచ కింద వండేది. ముందు గదిలోకి రాకూడదు. వంట ఎవరిదని అడిగినవాళ్ళకి నాగేంద్రబాబు "మా పిన్ని చెయ్యి" అని చెప్పేవాడు. ఆ పిన్నిని ఎవరూ చూడలేదు. ఆదెమ్మ టీ తాగే గ్లాసు పెరటి గోడ మీద వేరేగా ఉండేది. తాగాక తనే కడిగి, తనే బోర్లించాలి.

ఆమెది పెదకాకాని దగ్గర క్రైస్తవుల పేట. భర్త నతానియేలు యార్డులోనే ముఠా కూలి. యార్డులో మధ్యాహ్నం ఎవరూ గడియారం చూడరని అతనే ఆమెకు చెప్పాడు. నాగేంద్రబాబు మోపెడ్ సైలెన్సరు తుప్పు పట్టి కన్నం పడింది. అది గేటు దాటితే మూడు షెడ్ల అవతలికి వినపడేది. "ఆ మోత వినపడ్డాకే మాకు ఆకలి గుర్తొచ్చుద్ది. గుమాస్తాలు పుస్తకాలు మూస్తారు, మేం టిక్కీలు లాగే కొక్కేలు పారేస్తాం," అనేవాడు నవ్వుతూ.

కిందటి దీపావళి ముందు ఒకరోజు మెస్సులో చేతులు కడుక్కునే కుళాయికి నీళ్ళు రాలేదు. చెంచురామయ్య అనే గుమాస్తా ఎంగిలి చేత్తో పెరట్లోకి వచ్చాడు. ఆదెమ్మ పప్పు ఎనుపుతోంది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

ఆమె చెప్పింది. పేట పేరు చెప్పింది. ఎవరి భార్యనో చెప్పింది. ఆయన నీళ్ళ తొట్టి దాకా వెళ్ళలేదు. అట్లాగే వెనక్కి తిరిగాడు.

కాసేపటికి ముందు గదిలోంచి గోల వినపడింది. నాగేంద్రబాబు పెరట్లోకి వచ్చి, లోపలున్న వాళ్ళందరికీ వినపడేట్టు అరిచాడు. "గిన్నెలు తోమమని పెట్టుకుంటే పొయ్యి దగ్గరికెందుకు వచ్చావే? పిన్నికి ఒంట్లో బాగాలేదని ఒక్క పూట చూడమంటే వంటకే తయారవుతావా?" ఆదెమ్మ అతని మొహం చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. ముందు రాత్రి ఆమె తోడేసిన పెరుగు కుండలు వరసగా ఉన్నాయి. వాటిని ఆమె చేతే సందులోకి మోయించాడు. ఆమె చేతే పగలగొట్టించాడు. గుమాస్తాలు గుమ్మంలో నిలబడి చూశారు. తర్వాత ఆమెను పనిలోంచి పంపేసి, పొయ్యి మీద పసుపు నీళ్ళు చల్లించాడు.

మర్నాటి నుంచి ఆదెమ్మ ఇంటి దగ్గరే వండి, ముఠా వాళ్ళకి సైకిలు మీద తెచ్చి అమ్మబోయింది. పెదకాకాని నుంచి తొక్కుకుంటూ వచ్చేసరికి యార్డు తిని చేతులు కడుక్కునేది. కూర ఇంటికి తిరిగొచ్చేది. అందుకే బండి.

అలీ సాహెబ్ మొదట ఒక స్కూటరు చూపించాడు. దాన్ని స్టాండు దించడానికే ఆదెమ్మకు రొప్పు వచ్చింది. తర్వాత ఒక మోటారు సైకిలు తుడిచి ముందుకు తోశాడు.

"పెట్రోలు తక్కువ తాగుద్ది చెల్లెమ్మా. రేటు కాస్త ఎక్కువే, కానీ పదేళ్ళు చూసుకోనక్కర్లేదు."

ఆదెమ్మ దాని మీద పక్కకి కూర్చుని చూసింది. ఇటు తిరిగి చూసింది. ముందు పెట్రోలు టాంకీ తగిలింది.

"అన్నం గిన్నె యాడ పెట్టను? నెత్తిన పెట్టుకోనా?"

"వెనక కట్టుకో. నాగేంద్రబాబు అట్టాగే కడుతున్నాడుగా ఇప్పుడు."

"ఇప్పుడంటే?"

"కొత్త మోటారు సైకిలు కొన్నాడు కదా. పాతది ఇక్కడ పడేసి పోయాడు." అలీ సాహెబ్ మూలనున్న పట్టా లాగాడు. "ఆ మోతకి తల నొప్పి లేస్తోంది సాయిబూ అన్నాడు."

నీలం మోపెడ్. హ్యాండిలు కింద, ముందు చక్రం వైపు, రెండు ఇనప కొక్కేలు అతికించి ఉన్నాయి. పదకొండేళ్ళూ మధ్యాహ్నం క్యారేజీలు పెరటి గుమ్మం దాకా తెచ్చి ఆదెమ్మ తగిలించింది ఆ కొక్కేలకే. ఆమె వంగి ఒక కొక్కెం పట్టుకుని లాగింది. ఊగలేదు.

"స్టార్ట్ చెయ్యి," అంది.

అలీ సాహెబ్ తొక్కాడు. షెడ్డు రేకులు అదిరాయి. పక్క కొట్టువాడు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని తిట్టాడు. సాహెబ్ బండి ఆపి, "భయపడకు. ఈ రేటులోనే కొత్త సైలెన్సరు వేసిస్తా," అన్నాడు.

"మార్చొద్దు."

"చెవులు పోతాయమ్మా!"

"పోనీ. నా చెవులేగా."

ఆ సాయంత్రం నతానియేలు బండి చుట్టూ తిరిగి చూశాడు. "బానే ఉంది. నేను నేర్చుకుంటాలే. నాలుగు రోజులు పట్టుద్ది."

"నువ్వు టిక్కీలు మొయ్యి. బండి నేను తోలతా."

"నువ్వా? జనం నవ్వుతారే."

"నవ్వనీ. వాడికి నా మొహం కనపడాల."

చర్చి ముందరి ఖాళీ జాగాలో నేర్చుకుంది. రెండుసార్లు పడింది. మోకాలి చిప్ప చీరుకుపోయింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, నతానియేలు పాత చొక్కా పైన తొడుక్కుని మళ్ళీ ఎక్కింది. పేటలో ఆడవాళ్ళు నవ్వారు. ఆమె వాళ్ళను పట్టించుకోలేదు.

మొదటి మధ్యాహ్నం ఆమె యార్డు గేటు దాటేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. మోత షెడ్ల కింద నుంచి దొర్లుకుంటూ పోయింది. నతానియేలు చెప్పినట్టే అయింది. ముఠా వాళ్ళు కొక్కేలు కింద పడేశారు. కొట్లలోంచి గుమాస్తాలు చేతులు దులుపుకుంటూ బయటికొచ్చారు. చెంచురామయ్య కూడా వచ్చాడు. బండి మీద ఎవరున్నారో చూశాక గుమాస్తాలు మెట్ల మీదే ఆగిపోయారు.

ముఠా కూలి జోసఫ్ ముందుకొచ్చి మూత తీశాడు. గోంగూర పప్పు మీద ఎండుమిరపకాయ తాలింపు. వాసన చూసి, "ఓరి నాయనో! పాత పప్పు మళ్ళీ వచ్చిందిరా!" అని కేకేశాడు. ఆదెమ్మ వెళ్ళిపోయాక మెస్సు పప్పులో నీళ్ళు తప్ప ఏమీ లేవని యార్డంతా అనుకుంటున్నదే.

అప్పుడు నాగేంద్రబాబు వచ్చాడు. కొత్త మోటారు సైకిలు చప్పుడు ఎవరికీ వినపడలేదు. వెనక కట్టిన క్యారేజీల్లోంచి చారు ఒలికి చక్రం మీద కారుతోంది. అతను మోపెడ్ను చూశాడు, ఆమెను చూశాడు.

"ఏమే, నా బండి నీ చేతికెట్టా వచ్చింది?"

"మీరు అమ్ముకున్నారు. నేను కొనుక్కున్నా బాబుగారూ."

"ఎవరు తింటారే నీ కూడు? వీళ్ళకి తెలీదనుకున్నావా నువ్వెవరో?"

ఆదెమ్మ మూత పెట్టింది. గొంతు పెంచింది. "తెలీదు కాబట్టే పదకొండేళ్ళు తిన్నారు. మీ పిన్ని ఎవరు? ఏ ఊరు? ఒక్కసారన్నా చూపించావా? ఆ పొయ్యి నాది, ఆ చెయ్యి నాది. పెరుగు కుండలు నా చేత పగలగొట్టించావే, మరి వీళ్ళ కడుపులు ఏం చేయిస్తావు? పదకొండేళ్ళ కూడు ఉందిగా లోపల. అదెట్టా కడిగిస్తావు?"

ముఠా వాళ్ళు ఈలలు వేశారు. మెట్ల మీద ఎవరూ నవ్వలేదు. చెంచురామయ్య నాగేంద్రబాబు వైపు చూసి, "ఒక్క పూట అన్నావు కదయ్యా," అన్నాడు. నాగేంద్రబాబు క్యారేజీలు విప్పకుండానే బండి వెనక్కి తిప్పాడు.

ఆ నెలలోనే గుమాస్తాలు మెస్సు మానేశారు. అబద్ధం చెప్పినందుకు కాదు, ఆదెమ్మ చేతి కూడు తినిపించినందుకు మానేశారు. ఆ సంగతి ఆదెమ్మకు ముందే తెలుసు. తెలిసే అన్నది. ఆమెను బయటికి నెట్టిన కర్రతోనే అతన్నీ కొట్టింది. వేరే కర్ర ఆమెకు దొరకలేదు.

గుమాస్తాలు ఆమె దగ్గరకూ రాలేదు. ముఠా వాళ్ళు, కాయలు ఏరే ఆడవాళ్ళు, లారీ డ్రైవర్లు తిన్నారు. అదే సరిపోయింది. తిన్న గిన్నెలు ఎవరూ కడగనక్కర్లేదు. ఎంగిలివి గోతంలో వేసుకుపోయి ఆమే తోముకునేది. పత్తి దిగే రోజులకి మెస్సు తలుపుకి తాళం పడింది.

మరుసటి మిర్చి సీజనుకి నాగేంద్రబాబు తన బావమరిది కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరాడని నతానియేలు చెప్పాడు.

తర్వాత కొన్నాళ్ళకి జోసఫ్ రెండో క్యారేజీ కట్టించుకోవడం మొదలెట్టాడు. చుట్టం వచ్చాడన్నాడు. ఆ గిన్నెలు ఇంటికొచ్చాక ఆదెమ్మ గోతంలోంచి తీసి చూసింది. ఏరేసిన కరివేపాకు రెబ్బలు మూత అంచున వరసగా పేర్చి ఉన్నాయి. పదకొండేళ్ళు ఆమె రోజూ ఎత్తిపోసిన ఎంగిలి అది. మెస్సులో అట్లా పేర్చేవాడు ఒక్కడే.

మర్నాడు ఆమె రెండో క్యారేజీ కొక్కేనికే ఉంచింది.

"మీ చుట్టాన్ని రమ్మను జోసఫూ. ఎవరి అన్నం వాళ్ళే వచ్చి తీసుకుపోవాల."

"ఎందుకులే అక్కా, నేనిస్తాగా."

"వాడే రావాల."

ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. నాగేంద్రబాబు కొట్టు మూల అరటిపళ్ళు తింటున్నాడని జోసఫ్ చెప్పాడు. ఆదెమ్మ అయినా ఆ క్యారేజీ కట్టి తెస్తూనే ఉంది. అన్నం చల్లారేదాకా నిలబడి, తిరిగి తీసుకుపోయేది. నతానియేలు విసుక్కున్నాడు. ఆమె వినలేదు.

మూడో నాడు అతను వచ్చాడు. ఎండలో టిక్కీల మధ్య నుంచి నడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా వచ్చాడు. చేయి చాపాడు. ఆదెమ్మ క్యారేజీ ఇచ్చింది. అతను తిరిగి పోబోతుంటే అంది:

"తిన్నాక గిన్నెలు కడిగి, బోర్లించి పోవాల బాబుగారూ."

అతను ఆగాడు. బండి పక్కన గోతంలో జోసఫ్ గిన్నెలు, మిగతావాళ్ళ గిన్నెలు ఎంగిలివి ఎంగిలిగానే పడి ఉన్నాయి. అతను వాటిని చూశాడు. తర్వాత పెరటి గోడ మీద గ్లాసు గుర్తొచ్చినట్టు తల వంచుకున్నాడు. కొట్టులోకి పోయి తిన్నాడు. కుళాయి దగ్గరికి వచ్చాడు. ముఠా వాళ్ళంతా నమలడం ఆపి చూస్తున్నారు. గిన్నెలు ఒక్కొక్కటే కడిగి, గట్టు మీద బోర్లించాడు.

ఆదెమ్మ వెళ్ళి ఒక గిన్నె తిప్పి చూసింది. అడుగున వేలు రాసింది.

"జిడ్డుంది. మళ్ళీ తోమండి."

అతను మళ్ళీ తోమాడు.

నతానియేలు ఆమె భుజం తట్టి, మెల్లిగా, "చాల్లేవే. ఇంకెందుకు," అన్నాడు.

"కుండలు నువ్వు మోయలేదు," అంది ఆదెమ్మ.

గిన్నెలు కొక్కేలకు తగిలించింది. బండి తొక్కింది. యార్డంతా ఆ మోత. రేపు కూడా అతను వస్తాడు. ఆకలి ఉన్నన్నాళ్ళూ వస్తాడు. గేటు దగ్గర అలీ సాహెబ్ ఎదురుపడి, చెవి మీద చేయి పెట్టుకుని అడిగాడు.

"సైలెన్సరు ఇప్పుడన్నా మార్చనా చెల్లెమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపి, ఆగకుండా పోయింది.