అక్క రెండు మాటలు, నా పది మాటలు

పోయిన నెల మహబూబాబాద్ బస్టాండులో కూర్చుని ఉంటే రోడ్డు మీద ఒక ప్రచారపు బండి వచ్చి ఆగింది. లోపల ఎవరో ఆడమనిషి మైకు అందుకుని, మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుంది. చిన్న దగ్గు, దాని వెనుక కాస్త నిశ్శబ్దం. అంతే, నా నోరు తనంతట తాను తెరుచుకుంది. పక్కన మరమరాలు తింటున్న ముసలాయన నావైపు తిరిగి, "ఏమన్నవ్ బిడ్డా?" అని అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాను. కానీ అనబోయాను. కౌసల్యక్క అచ్చం అలాగే దగ్గేది. దగ్గి, తెలుగులో ఒక మాట అనేది. ఆ మాటను మా లంబాడీ భాషలో జనానికి చెప్పడం ఏళ్ల తరబడి నా పని. అక్క పోయి ఏడాది దాటినా నా నోటికి ఆ సంగతి ఇంకా తెలియలేదు.

అక్క లింగాల ఘనపూర్ దగ్గరి రైతుల ఇంట్లో పుట్టింది. పెళ్లయి జనగామకు వచ్చాక ఒక చిన్న పార్టీలో చేరింది. ఎంత చిన్న పార్టీ అంటే, సభ ఉన్న రోజు జెండాలు కట్టడానికి మనుషులు చాలక అక్కే కొంగు బిగించి నిచ్చెన ఎక్కేది. ఆ పార్టీలోనే జడ్పీటీసీ అయింది, ఎమ్మెల్యేగా నిలబడి ఓడింది, మళ్లీ నిలబడి గెలిచింది. గెలిచాక అధికార పార్టీలోకి పోయింది. వాళ్లు మరుసటిసారి టికెట్ ఇవ్వకపోతే ఇంకో పార్టీలోకి పోయి ఓడిపోయింది. ఆమె చనిపోయినప్పుడు పేపర్లో ఈ సంగతి నాలుగు వరుసల్లో వేశారు. ఆ నాలుగు వరుసలూ నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ అక్క కూడా లేదు.

ఆమె మొదటిసారి మా తండాకు వచ్చినప్పుడు నేను జనగామలో మేస్త్రీల దగ్గర తట్టలు మోసే పని చేసేదాన్ని. చిన్నప్పటి నుంచి ఆ పనే కాబట్టి నాకు తెలుగు బాగా వచ్చు. తండాలో మిగతావాళ్లకు రాదని కాదు. సంతకూ కూలికీ సరిపోయేంత అందరికీ వచ్చు. కానీ తెలుగులో చెప్పిన మాట మా ఆడవాళ్లకు చెవి దాకా వచ్చి ఆగిపోయేది, లోపలికి దిగేది కాదు. అక్క మాట్లాడుతుంటే వాళ్లు వెనకాల కూర్చుని తమ ముచ్చట్లు తాము చెప్పుకుంటున్నారు. అక్క అది గమనించి, తెలుగు మంచిగా వచ్చినోళ్లు ఎవరని అడిగింది. అందరూ నన్ను ముందుకు తోశారు.

అక్క దగ్గి, "మీ తండాకు రోడ్డు ఏపిస్త" అంది. నేను ఆ మాట చెప్పాను. ఎవరూ తలెత్తలేదు. నాకు కోపం వచ్చింది. పోయిన మాఘంలో ఈ దారి బురదలోనే కదా పెళ్లికొడుకు జీపు దిగి, తలపాగాతోనే జీపు తోసుకుంటూ వచ్చాడు అన్నాను. ఆ పెళ్లికొడుకు అక్కడే ఉంటే వేలు పెట్టి చూపించాను. ఈ అక్క గెలిస్తే పెళ్లికొడుకులు జీపులో కూర్చుని వస్తారు, పెళ్లికూతురి ముందుకు బురద కాళ్లతో రారు అన్నాను. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం అక్క నన్ను జీపులో పక్కన కూర్చోబెట్టుకుంది. "నేను రోడ్డు అన్న. నువ్వేమన్నవే గంతసేపు?" అని అడిగింది.

"రోడ్డే అక్కా."

"రోడ్డుకు గంతగనం నవ్వుతరా?"

"మా రోడ్డు సూస్తె నవ్వే వస్తది."

అక్క కూడా నవ్వింది. ఆ రోజు నుంచి ఏ తండాకు పోయినా నన్ను తీసుకుపోయేది. మైకు నోటికి ఎంత దూరంలో పెట్టుకోవాలో నేర్పింది. పదిమంది ముందు నిలబడితే కాళ్లు వణకడం తప్పు కాదని, వణుకు గొంతులోకి రాకుండా చూసుకోవాలని చెప్పింది. చప్పట్లు కొట్టేవాళ్ల వైపు చూడొద్దు, చేతులు కట్టుకుని నిలబడ్డవాడి వైపు చూసి మాట్లాడు అనేది. తట్ట మోసే మనిషిని ఊరూరా "ద్వాళమ్మా, రా, కూసో" అని కుర్చీ వేసే దాకా తెచ్చింది. ఆ కుర్చీ నాకు ఎంత ముఖ్యమో, అది పోయిన రోజు గాని తెలియలేదు.

ఎమ్మెల్యేగా గెలిచాక, అక్క అధికార పార్టీలో చేరడానికి పెద్ద సభ భూపాలపల్లిలో పెట్టారు. నన్నూ కారులో ఎక్కించుకుంది. బొగ్గు లారీల వెనుక కారు నెమ్మదిగా పోతుంటే, ఎందుకు మారుతున్నావని అడిగాను. అడిగే చనువు నాకు ఉండేది. అక్క కిటికీలోంచి చూస్తూ, "సభల అయితె నియోజకవర్గం అభివృద్ధి కోసం అంట. నీకు మాత్రం నిజం చెప్త" అంది. ఒకప్పుడు ఆమె నిచ్చెన ఎక్కితే కింద పట్టుకుని నిలబడిన మనిషి ఎప్పుడో ఆ పార్టీలోకి పోయి, చైర్మన్ పదవి తెచ్చుకున్నాడు. "ఆని కారు ముందు పోతది. దుమ్ము లేసి నా మొకాన పడ్తది. ఎమ్మెల్యేను అయి కూడ ఆని దుమ్మే తింటున్న."

"అసూయనా అక్కా?"

"కాదంటనా? కడుపుల మంట లేనోడు ఇంట్ల పండుకుంటడు. నాకు మంట ఉన్నది, అందుకే తిరుగుతున్న."

ఇంత సూటిగా ఒప్పుకున్న నాయకులను నేను ఇంకెవరినీ చూడలేదు. వేదిక మీద కొత్త కండువా కప్పించుకుని ఆమె అభివృద్ధి అన్నప్పుడు వేలమంది చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

కష్టం తండాకు వచ్చాక మొదలైంది. అక్క అదే అభివృద్ధి మాట అంది. నేను ఎప్పటిలా పదిమాటలు కలపాలని చూశాను. ఒక్కటీ రాలేదు. అక్క ఎంత అన్నదో అంతే చెప్పి ఊరుకున్నాను. అప్పుడు హస్లి లేచింది. తండాలో అందరికంటే పెద్దది, అందరం ఆమెను యాడీ, అంటే అమ్మా, అని పిలుస్తాం. కర్ర ఆనించుకుని అక్కను చూస్తూ మా భాషలో ఒక మాట అంది. జనం గొల్లుమన్నారు. అక్క నన్ను, ఏమన్నది అని అడిగింది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"మేకను ఒక దొడ్డిలకెళ్లి ఇంకో దొడ్డిల కట్టేస్తె రెండు దినాలు అరుస్తదంట అక్కా. నువ్వు అరవనే లేదంటున్నది."

అక్క ముఖం ఎర్రబడింది. కానీ ఆమె మామూలు మనిషి కాదు. "ఇంట్ల అరిచిన, మీకు ఇనపడలేదని చెప్పు" అంది. నేను చెప్పాను. ఊరికే చెప్పలేదు. అక్క ఇంట్లో మేకలా ఎలా అరిచి ఉంటుందో, అది విని ఆమె మొగుడు గడ్డి కోసం ఎలా వెతికి ఉంటాడో కూడా చెప్పాను. యాడీ పళ్లులేని నోటితో నవ్వి, సరే కూర్చో అని అక్కకు సైగ చేసి తానూ కూర్చుంది. గండం గడిచిందని నేను అనుకున్నాను. అక్క జీపులో తిరిగి పోయేటప్పుడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాతి సభకు నన్ను పిలవలేదు. సునీత వచ్చింది. మా భాషే, మహబూబాబాద్‌లో చదువుకుని బీఈడీ చేసిన పిల్ల. నేను పోయి అడిగితే, కొత్త పార్టీవాళ్లు ప్రసంగం కాగితం మీద రాసి పంపిస్తారని, చదువు వచ్చిన మనిషి కావాలంటున్నారని అక్క చెప్పింది. నాకు చదువు ఉంటే నన్నే పెట్టేదాన్ని అంది. నేను జనం వెనకాల నిలబడి సునీత మాట్లాడటం విన్నాను. బాగా లేకపోతే ఎంత బాగుండేదో. కానీ ఆ పిల్ల బాగా చెప్పింది. గొంతు గంటలా ఉంది. మా ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. పొగడటానికి కూడా వాళ్లకు నేనే దొరికాను, "నీ లెక్కనే చెప్తున్నదే" అన్నారు. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు.

జనగామ చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో అక్క, కింద వరుసలో చిన్న ఫోటోలు. అందులో సునీత ఉంది. ఫోటో కింద ఏదో రాసి ఉంది. ఏం పదవి ఇచ్చారో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. ఎవరినైనా అడగవచ్చు. అడిగితే నా కడుపులో ఉన్నది వాళ్లకు తెలిసిపోతుంది. తండాలో అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి పోయి, నాకు అక్షరాలు చెప్పమని అడిగాను. నలభై దాటిన మనిషిని, పిల్లల పక్కన కూర్చుని పలక పట్టుకున్నాను. వాళ్లకు గుడ్డు పెట్టే వేళకు నా పాఠం అయిపోయేది. "అమ్మమ్మకు గుడ్డు ఎయ్యరా?" అని పిల్లలు నవ్వేవాళ్లు. వత్తులు వచ్చేటప్పటికి ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయింది. అయినా చదివాను. మహిళా విభాగం మండల కార్యదర్శి. నేను సొంతంగా చదివిన మొదటి పెద్ద మాట అది. చదవగలిగినందుకు సంతోషించాలో, చదివినదానికి ఏడవాలో అర్థం కాలేదు.

ఆఖరిసారి అక్కను జనగామలో వాళ్లింట్లో చూశాను. మూడో పార్టీలో ఓడిపోయి, జబ్బుపడి మంచంలో ఉంది. వాకిట్లో ఒకప్పుడు చెప్పులు విడవడానికి చోటు ఉండేది కాదు. ఆ రోజు నా జత ఒక్కటే ఉంది. సునీత అక్క వదిలేసిన అధికార పార్టీలోనే ఉండిపోయిందట. మంచం మీద పేపర్ ఉంటే తీసుకుని, అడగకుండానే గట్టిగా చదవడం మొదలుపెట్టాను. నా చదువు అక్కకు చూపించాలనే పోయాను, దాచేది ఏముంది. అక్క కళ్లు మూసుకుని కాసేపు విన్నది.

"ఆపే. చదువు ఎందుకు నేర్సుకున్నవ్?"

"సునీత కన్న తక్కువ గావద్దని."

అక్క నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గేదాకా ఆగాను. అలవాటు.

"కాగితం ముచ్చట వట్టిది ద్వాళీ. ఏ కాగితం లేదు. సునీత నేనన్నదే చెప్తది, ఒకటి ఎక్వ లేదు, ఒకటి తక్వ లేదు. నువ్వట్ల కాదు. నేను రెండంటె నువ్వు పది అంటుంటివి. జనం నీ దిక్కే సూస్తుండ్రి. గెలిసింది నేను, నవ్వించింది నువ్వు. ఆ రోజు ముసల్ది కూసున్నది నా మాటకు కాదు, నీ మాటకు. నాకు కడుపు మండింది."

ఆమె నా కుర్చీ లాగేసింది, కోపం రావాలి. లాగి అబద్ధం చెప్పింది, ఇంకా కోపం రావాలి. రాలేదు. పేపర్ మడిచి పెట్టి, ఆమె కాళ్ల మీద దుప్పటి సర్ది బయటికి వచ్చాను. బస్సులో కూర్చున్నాక గాని నా లోపల ఏం జరుగుతోందో తెలియలేదు. రఘునాథపల్లి నుంచి వస్తున్న దూరపు బంధువు ఒకామె, ఎందుకంత నవ్వుతున్నావని అడిగింది. ఒక ఎమ్మెల్యే నన్ను చూసి అసూయపడింది అని ఆమెకు ఎలా చెప్పను? పుట్టినప్పటి నుంచి నేనే అందరినీ చూసి అసూయపడ్డాను. బడికి పోయినవాళ్లను చూసి, కుర్చీలో కూర్చున్నవాళ్లను చూసి, పేరు రాసుకోవడం వచ్చినవాళ్లను చూసి. నన్ను చూసి కూడా ఒకరికి మండుతుందని ఆ రోజు దాకా తెలియదు.

అక్క సంతాప సభలో మా భాషలో మాట్లాడమని సునీతనే పిలిచారు. బాగా మాట్లాడింది, అక్క తనను కన్నకూతురిలా చూసుకుందని చెప్పి ఏడ్చింది. నేను మూడో వరుసలో కూర్చున్నాను. వయసు వచ్చింది, ఇంక వదిలెయ్ అని మా వాళ్లంటారు. వదలను. ఆ మంట లేకపోతే ఈ నాలుగు అక్షరాలు నాకు వచ్చేవి కావు, నేను ఇంట్లో పడుకుని ఉండేదాన్ని. పోయినవారం సునీత తండాకు వచ్చి, ఏం రాస్తున్నావు పిన్నీ, చూపించు అని అడిగింది. అచ్చయ్యాక చూద్దువులే అన్నాను. ఆమె తప్పకుండా చదువుతుంది. అక్క మంచంలో నాతో అన్న మాట దగ్గరికి వచ్చినప్పుడు ఆగి, ఇంకోసారి చదవాలి. కొంచెం మండాలి.