గ్రేసు పిన్ని పెండ్లికి పోయిన జీపు

ప్రొద్దుటూరు బంకులో కారు నిలిపినప్పుడు పెట్రోలు వాసన ముక్కుకు తగిలితే చాలు, దాంతోపాటే నూనెలో వేగిన నిప్పట్లు, వాడిన మల్లెపూలు, మడత విప్పని పట్టుచీర కలిసిన వాసన ఒకటి ఎక్కడినుంచో వస్తుంది. అది గ్రేసు పిన్ని పెండ్లి వాసన.

అప్పుడు మేం పులివెందులలో ఉండేవాళ్లం. బడిపంతులైన నాన్నకు ఒక పాత పెట్రోలు జీపు ఉండేది. ఎండాకాలం దాని వాసనకు అమ్మకూ, అమ్మ చెల్లెలు గ్రేసు పిన్నికీ కడుపులో తిప్పేది. పిన్ని పెండ్లి దగ్గరపడగానే నాన్న ట్యాంకు మూతకున్న సన్నటి రంధ్రాన్ని లక్కతో పూడ్చి, రబ్బరు వాషరు వేసి బిగించాడు. ఆ రంధ్రం ట్యాంకులోకి గాలి పోవడానికని ఆయనకు తెలియదు. మరునాటి నుంచి జీపు దారిలో ఆగడం మొదలుపెట్టింది. నాన్న తప్పంతా పెట్రోలు పంపు మీద వేసి, ప్రొద్దుటూరు పోయి ఇంకా బలమైన పంపు వేయించుకొచ్చాడు.

పెండ్లి జమ్మలమడుగు చర్చిలో. మధ్యాహ్నం వేరే ఊర్లో ఇంకో పెండ్లి ఉంది కాబట్టి ఆలస్యమైతే ఆగనని పాస్టరుగారు ముందే చెప్పారు. పొద్దున్నే నాన్న, పక్కన పెండ్లికూతురు, వెనక అమ్మ, నేను, నాన్న అక్క సుగుణత్త, మా కాళ్ల సందున నిప్పట్ల గంప, అందరం బయలుదేరాం. ఊరు దాటగానే జీపు దగ్గి నిలబడింది. సుగుణత్త కిందికి దిగి, కొంగు తలమీదికి లాక్కుని, రోడ్డు పక్క నల్లరేగడిలో మోకరించి ప్రార్థన మొదలుపెట్టింది. పెట్రోలుందో లేదో చూద్దామని నాన్న మూత తిప్పితే ఉస్సుమంది. అత్త ఆమెన్ అనేసరికి బండి స్టార్టయింది.

"చూస్తివా తమ్ముడా, యాడ పిలిచినా పలుకుతాడు దేవుడు," అంది అత్త.

ముద్దనూరు చేరేలోపల బండి ఆగినప్పుడల్లా అత్త దిగింది, నాన్న మూత తీశాడు, బండి కదిలింది. ముద్దనూరు దాటాక నాన్న సీటు కింద డబ్బుమని చప్పుడైంది. కొత్త పంపు లాగుడికి ట్యాంకు లోపలికి సొట్టపోయి, బండి మళ్లీ నిలబడింది. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. మోకరించి మోకరించి అలసిపోయిన అత్త గంపమీద తలవాల్చి నిద్రపోతోంది. ఆమెను లేపకపోతే బండి కదలదని అమ్మ భయం. నాన్న అలవాటుకొద్దీ మూత తీసి చూసి, తాళంచెవి తిప్పాడు. బండి స్టార్టయింది.

పిన్ని కళ్లు తుడుచుకుంది. "బావా, వదిన నిద్రపోతాంది గదా, మళ్ల బండెట్ల కదిలె? నువ్వు మూత తీసినందుకే. దాన్ని తీసేసి పోదాం పా."

"నీకు వాసన పడదు గదమ్మా."

"వాసనతోనన్నా పెండ్లయితాది. ఈడ కూచుంటే అదీ గాదు."

మూత తీసేసి, ఒక పాత గుడ్డ వదులుగా కట్టాక, బండి ఇంకెక్కడా ఆగలేదు. మేం చేరేసరికి పాస్టరుగారు బైబిలు సంచిలో పెట్టుకుంటున్నారు. పిన్ని పట్టుచీరకు పట్టిన పెట్రోలు వాసనకు, పక్కన నిలబడ్డ పెండ్లికొడుకు ప్రమాణం మధ్యలో తుమ్ముతూనే ఉన్నాడు. బీడీ వెలిగించుకుని పెండ్లికూతురిని దీవించడానికి వస్తున్న పెండ్లికొడుకు పెదనాన్నను నాన్న అమాంతం పట్టుకుని చర్చి వెనక్కి లాక్కుపోయాడు.

భోజనాల దగ్గర నాన్న అత్తకు మూత సంగతి విడమరిచి చెప్పాడు. అత్త ఓళిగ మీద నెయ్యి పోసుకుంటూ నిదానంగా వింది. "సరేప్పా. మూసింది నువ్వు. దాన్ని తీసి చూడాలని నీకు బుద్ధి పుట్టించింది ఎవురు మరి?" అంది. నాన్న ఇంకో ఓళిగ వేయించుకున్నాడు.

ఆ జీపు పోయింది, అత్తా పోయింది. ఇప్పుడు పులివెందులలో ఎక్కితే జమ్మలమడుగులోనే దిగుతాం. మధ్యలో ఆ నల్లరేగడి మీద ఎవరమూ కాలు పెట్టం. మొన్న పిన్నిని ఎక్కించుకుని పోతుంటే, ముద్దనూరు దాటాక ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏంది నాయనా, ఈ కారు యాడా ఆగదా?" అంది, కొంచెం దిగులుగా.