ఉరుముకి తీసిన ప్లగ్గు

మా ఇంట్లో ఉరుము వినబడితే ప్లగ్గులన్నీ తీసెయ్యాలి. ఆ నియమం పెట్టింది నేనే. ఓ వేసవిలో కేబుల్ తీగ వెంట పిడుగు దిగి టీవీ, ఫ్రిజ్జు ఒకే దెబ్బకి కాలిపోయాయి. అప్పట్నుంచి ఆకాశం గొణిగితే చాలు, ఏ పనిలో ఉన్నా లేచి వెళ్తాను. ఆలోచించేదేమీ ఉండదు, చెయ్యి దానంతటదే ప్లగ్గు మీదకి పోతుంది. ఆ చెయ్యి చేసిన పని గురించే రాస్తున్నాను. ఇంట్లోవాళ్ళు మరిచిపొమ్మంటున్నారు. నాకు మరుపు రావడం లేదు.

మా అబ్బాయి కూతురు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డుని ఇప్పటికి ఎంత కోసింది, ఇకముందు ఎంత కోస్తుంది అన్నది తేల్చడం ఆమె పని. ఆ లెక్కలు లాప్‌టాప్‌కి లొంగేవి కావట. వాళ్ళ యూనివర్సిటీలో వందల కంప్యూటర్లని కలిపి ఒక్కటిగా పనిచేయిస్తారు. పిల్లలు ఎక్కడెక్కడినుంచో లెక్కలు పంపితే అది వరసలో ఒక్కొక్కటీ చేసి, జవాబులు తన దగ్గరే దాచి పెడుతుంది. కావలసినవాళ్ళు తెచ్చుకోవాలి.

పచ్చకామెర్లు వచ్చి హాస్టల్ నుంచి పంపించేస్తే, మండపేట దాటాక ఉన్న మా ఇంటికొచ్చి పడింది. మజ్జిగన్నం తింటూ ఇక్కడినుంచే ఆ యంత్రంలోకి వెళ్తుండేది. నేను మూడో తరగతి దాకా చదువుకున్నదాన్ని, పక్కన కూర్చుని చూసేదాన్ని. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క చుక్కైనా కనబడదు. మీటలు పాడయ్యాయేమో చూసుకోమన్నాను. కనబడకపోవడమే దాని పద్ధతి అంది. ఆ తర్వాత ఫోనుకి ఒక అంకె వస్తుంది. చెప్పిన గడువులోగా అది కొట్టకపోతే మళ్ళీ మొదటికే.

ఆ శుక్రవారం పొద్దున్న మెయిలు తెరిచి అలాగే ఉండిపోయింది. ఏంటని అడిగితే, నాకు కాదన్నట్టు మెల్లగా చెప్పింది. మరమ్మతుల కోసం ఆ పెద్ద యంత్రంలో దాచినవన్నీ తుడిచేస్తున్నారు. ఎవరివి వాళ్ళు దించుకోవాలని ముందే రాశారు. జ్వరంలో ఈ పిల్ల చూసుకోలేదు. గడువు ఆ సాయంత్రం ఆరుగంటలకి.

మా అబ్బాయీ కోడలూ తెల్లవారకుండానే పెనుగొండ అమ్మవారి దర్శనానికి వెళ్ళారు. ఇంట్లో మేమిద్దరమే. పిల్ల లెక్కవేసుకుంది. కేబుల్ నెట్ ఇలాగే ఉంటే అయిదున్నరకల్లా అన్నీ వచ్చేస్తాయి. హాల్లో ఎవరూ ఏదీ ముట్టుకోవద్దంది. ఎవరూ అంటే ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

ముట్టుకోలేదు. మిక్సీ వేస్తే కరెంటు ఊగుతుందేమోనని పచ్చడి రోట్లో నూరాను. మధ్యాహ్నం మూడింటికి తొంగి చూస్తే సగం దాటిందని చెప్పింది. పథ్యం కూర పెట్టి, పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. తూర్పున ఉరిమింది.

బట్టలు గడప లోపల పడేసి టీవీది తీశాను. ఫ్రిజ్జుది తీశాను. గోడమీద మేకుకి తగిలించిన నెట్ డబ్బాది తీశాను. ప్లగ్గు చేతిలో ఉండగా దాని పచ్చ దీపం ఆరిపోవడం చూశాను. అప్పుడు తెలిసింది.

గదిలో మీటల చప్పుడు ఆగింది. పిల్ల గుమ్మంలోకి వచ్చింది.

"మామ్మా, తీశావా?"

"ఉరిమింది."

ఆమె అరిచి ఉంటే నేనూ ఒక మాట అని ఉండేదాన్ని. ప్లగ్గు నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ పెట్టింది. దీపం ఎర్రగా వెలిగి ఎర్రగానే ఉండిపోయింది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే, వానొస్తోంది కదండీ, లైను కట్టేశాం, తెరిపిచ్చాక ఇస్తాం అన్నాడు. కాసేపటికి కరెంటూ పోయింది.

నాలుగవుతోంది. లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది, నెట్ లేదు. ఆమె ఫోనులో ఆ రోజు డేటా పొద్దున్నే అయిపోయింది. లాప్‌టాప్‌కి నెట్ అందించడానికి నా ఫోను ఇచ్చాను. ఇంట్లో సిగ్నల్ మాటలకి తప్ప నెట్‌కి చాలదు కాబట్టి లాప్‌టాప్ తీసుకుని డాబా ఎక్కాం. మెట్ల మీది రేకుల కింద కూర్చున్నాం. జల్లు పక్కనుంచి కొడుతుంటే ధాన్యం మీద కప్పే బరకం తెచ్చి, రెండు కొసలూ పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను.

మొదటిసారి అంకె ఆలస్యంగా వచ్చింది, చెల్లలేదు. రెండోసారీ అంతే. మూడోసారి ఆ యంత్రం తలుపు తెరుచుకుంది. కానీ మధ్యలో తెగడంతో అప్పటిదాకా వచ్చిన సగమూ పనికిరాకుండా పోయింది. నా ఫోనులో రోజుకి ఇచ్చే డేటాకి మొత్తంలో పదోవంతు కూడా రాదట. పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చుంది.

"ఏవి కావాలి?" అన్నాను.

"అన్నీ కావాలి."

"అన్నీ రావు కదే. మళ్ళీ చేసుకోలేనివేవి?"

ఈ ప్రశ్న నా తెలివి కాదు. కాపరానికి వచ్చిన కొత్తలో వరద నీళ్ళు గడప తొక్కితే నేను ఇత్తడి బిందెలు అటక ఎక్కించాను, విత్తనపు బస్తాలు తడిసిపోయాయి. బిందెలు నీళ్ళలో నానితే ఏమవుతుందే అని మా అత్తగారు అప్పుడు అడిగారు.

పిల్ల విసుక్కుంది. మూడు వారాలు వరసలో నిలబడి చేయించిన జవాబులు మామ్మా, అవి వదులుకోమంటావా అంది. వదులుకోమని నేను అనలేదు. తర్వాత తనే చెప్పింది: ఒడ్డు వెంట నడిచి కొలిచినవి, ఎనిమిది నెలలు కూర్చుని ఒక్కొక్కటీ సరిచేసినవి, లెక్క నడిపించే రాతలు, అవి ఇంకెక్కడా లేవు. జవాబులు మళ్ళీ పుట్టించొచ్చు. అవి పోతే పుట్టించడానికే ఏమీ మిగలదు.

వాటిని అక్కడి యంత్రంలోనే ముందు నొక్కి చిన్నది చేసింది. తర్వాత దింపడం మొదలుపెట్టింది. మధ్యలో తెగితే ఆగిన చోటినుంచే అందుకునే పద్ధతి ఒకటుందట, ఈసారి అది వాడానంది. పొద్దున్నే ఎందుకు వాడలేదని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

నాలుగుసార్లు తెగింది. తెగినప్పుడల్లా పాస్‌వర్డు, అంకె, మళ్ళీ నల్లటి తెర. నా భుజాలు లాగేస్తున్నాయి, బరకం దించలేదు. ఆరు కావడానికి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయనగా చివరిది వచ్చింది. అక్కడున్నదీ ఇక్కడికొచ్చిందీ ఒకటేనా అని సరిచూసుకుంది, సరిపోయాయి. మిగిలిన నిమిషాల్లో జవాబుల్లో ఒక చిన్న ముక్క లాగబోయింది. అది రాలేదు. ఆరు దాటాక మళ్ళీ తట్టి చూస్తే తలుపు తెరుచుకోలేదు.

కిందకి దిగాక వాళ్ళ గైడుగారికి ఫోన్ చేసింది. జవాబులు పోయాయి సర్, మా ఊళ్ళో కరెంటు పోయింది అని మొదలుపెట్టింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వనని తల ఊపింది. నేను చెయ్యి దించలేదు. ఇచ్చింది.

"నేను మామ్మనండి. కరెంటు తర్వాత పోయింది. ముందు ప్లగ్గు తీసింది నేను. ముట్టుకోవద్దని పిల్ల చెప్పే ఉంచింది."

కొలతలు ఉన్నాయా అమ్మా అని ఆయన అడిగారు. ఉన్నాయండి అన్నాను. అయితే మరమ్మతులు అయ్యాక మళ్ళీ వరసలో పెట్టించాలి, నెల వెనకబడుతుంది, కమిటీకి నేను రాస్తాను అన్నారు. అందులో కోపమూ లేదు, ఓదార్పూ లేదు. నాకు ఆ తీరు నచ్చింది.

ఫోన్ పెట్టేశాక పిల్ల నామీద లేచింది.

"నీ పేరెందుకు మామ్మా మధ్యలో? వారం ముందే మెయిలు వస్తే చూసుకోనిది నేను."

"అది నువ్వు చెప్పుకో. నాది నేను చెప్పాను."

ముఖం తిప్పుకుని గదిలోకి పోయింది. గుమ్మంలో పడేసిన బట్టలు ఏరి మడతపెట్టడం మొదలుపెట్టాను. రెండు చీరలు మడిచేసరికి లోపలినుంచి మాట వినబడింది. సర్, నేనేనండి, ఇందాక ఒకటి చెప్పలేదు, అంటోంది.