బకెట్ పెట్టించిన పెయింటర్

ఆదోనిలో గోడల మీద ప్రకటనలు రాసే పెయింటర్ ఒకాయన ఉండేవాడు. వాక్యం రాయగానే రోడ్డు దాటి వచ్చి, శెనక్కాయలమ్మే అవ్వకు గట్టిగా చదివి వినిపించేవాడు. ఆమె "అంటే ఏందప్పా?" అని అడిగిందో, కిరసనాయిలు గుడ్డతో అంతా తుడిచేసేవాడు.

డెబ్బైల్లో నేనక్కడ ఒక బట్టల కొట్లో గుమాస్తాను. ఒకరోజు ఆయన భార్య మా దగ్గర కొన్న చీర వెనక్కి తెచ్చింది. ఒక్క ఉతుకుకే రంగు దిగిపోయింది.

"మీ ఇంటి నీళ్లల్లోనే ఏదో ఉన్నట్టుందిమ్మా, పో," అని మా సావుకారు నలుగురి ముందు నవ్వాడు. నేనూ నవ్వాను. గుమ్మం బయట నిలబడ్డ పెయింటర్ ఆ చీర తీసి చంకన పెట్టుకుని భార్యతో వెళ్లిపోయాడు. అప్పుడే మేం భయపడి ఉండాల్సింది.

నెల తిరక్కుండా మా ఎదురుగా ఎమ్మిగనూరు చీరల కొట్టు తెరిచారు. దాని గోడ మీద ఆయన రాశాడు: "మా చీర ఈ బకెట్లో ముంచి చూడండి. రంగు దిగితే కొనొద్దు." గోడ కింద నిజంగానే నీళ్ల బకెట్ పెట్టించాడు. తర్వాత మా మెట్ల మీదికే వచ్చి నిలబడి, మాకందరికీ వినబడేలా, కిందే కూర్చుని అమ్ముకునే అవ్వకు చదివాడు.

"తెలిసిందిలేప్పా," అంది అవ్వ.

ఆనాటి నుంచి మా కొట్లోకి వచ్చిన ప్రతి ఆడమనిషీ అడిగేది, "మీ బకెట్ యాడుందన్నా?" అని.

చివరికి, మాకూ ఒక మాట రాసిపెట్టమని అడగడానికి సావుకారు నన్నే పెయింటర్ దగ్గరికి పంపాడు. ఆయన కుంచె ఆపలేదు.

"రాస్తాలే అన్నా. ముందు మీ సావుకారును నలుగురి ముందర ఒక చీర ముంచమను."