పొగ డబ్బా పీకనివ్వను

మొన్న మా చిన్నోడి కారు వంతెన ఎక్కలేక ఆయాసపడి ఆగిపోతే, ఏక్‌బాల్‌పూర్‌లో మా సందు చివరి గ్యారేజీకి తోసుకొచ్చారు. వాడు దాన్ని న్యూ టౌన్ వైపు కిరాయికి తిప్పుతాడు. ఇంటికి అదే ఆధారం. పొగ గొట్టం మధ్యలో కేటలిటిక్ కన్వర్టరని ఒక డబ్బా ఉంటుందట, లోపలంతా తేనెపట్టులా సన్నని కంతలు, పొగలోని విషాన్ని అక్కడే విరిచేస్తుందట. ఆ కంతలు పూడుకుపోయి ఇంజనుకు ఊపిరాడడం లేదని, డబ్బా తీసేసి ఒట్టి గొట్టం వేస్తే బండి ఎగురుతుందని మేస్త్రీ అన్నాడు. కొత్త డబ్బా దండగని మావాడూ తలూపాడు. దండగంటే నాకంటే ఎక్కువ భయపడేవాళ్లు ఈ సందులో లేరు. అయినా స్టూలు లాక్కుని కారు పక్కనే కూర్చున్నాను.

నా చదువు మూడో తరగతితోనే ఆగింది గాని, ఒట్టి గొట్టం సంగతి నాకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. మా ఆయన అప్పుడు హౌరా స్టేషను దగ్గర టాక్సీ నడిపేవారు. ఆ రోజుల్లో టాక్సీ సీట్లకు తెల్లగుడ్డ కవర్లుండేవని నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రతి శనివారం మా సందు ఆడవాళ్లం వాటిని విప్పి, కుళాయి దగ్గర ఉతికి, నీలిమందు పెట్టి, మళ్లీ బిగించేవాళ్లం. తెల్ల కవర్లు లేని బండిని ఆఫీసు బాబులు ఎక్కేవారు కారు. ఒక దసరా పూజల సీజనుకు ముందు, తోటి డ్రైవర్లను చూసి, పరుగు పెరుగుతుందని మా ఆయన సైలెన్సరు లోపలి రేకులన్నీ ఊడబీకించారు. మోత సందంతా అదిరేలా పెరిగింది గాని, ట్రాము వెనక పాకే బండికి పరుగెక్కడ పెరుగుతుంది? పైగా అతుకు వదులై పొగ సీట్ల కిందినుంచి లోపలికి ఎక్కేది. ఆ వారం కవర్లు బకెట్లో ముంచితే నీళ్లు మసిగుడ్డ పిండినట్టు అయ్యాయి, ఆయనకు దగ్గు పట్టుకుంది.

రేకులున్న సైలెన్సరు మళ్లీ వేసేదాకా ఉతకనని, ఆ నల్ల కవర్లను సందులోకి కనపడేలా దండెం మీద వేశాను. మా అత్తగారు మండిపడ్డారు.

"మగోడి బండిలో నీకేటే పని?"

"ఓపాలి వాసన సూడండత్తా."

చూశారు. ముక్కు మూసుకుని నేరుగా కొడుకు మీదికి వెళ్లారు. పూజల ముందురోజు మా బండి మెత్తగా, తెల్ల కవర్లతో బయలుదేరింది.

గ్యారేజీలో మావాడికి ఇదంతా చెబితే నవ్వాడు.

"అమ్మా, ఇది నాన్న టాక్సీయేటి? కంప్యూటర్ బండి."

"మరైతే డబ్బా ఎందుకు పూడిందో ఆ కంప్యూటర్నే అడగరా."

మేస్త్రీ తల గోక్కుని, "మాసీమా వదిలేలా లేరు దాదా," అని బెంగాలీలో నన్ను పిన్నిని, మావాణ్ణి అన్నని చేసి, యంత్రం తగిలించి చూశాడు. ఒక ప్లగ్గు సరిగా మండక, పచ్చి పెట్రోలు వెళ్లి డబ్బాలో కాలి కంతలను కరిగించి పూడ్చేసిందట. డబ్బా తీస్తే పొగకు దారి దొరికేది, నిజమే. రోగం మాత్రం ఇంజనులోనే ఉండిపోయేది, స్టీరింగు ముందు వెలుగుతున్న పసుపు దీపం ఆరేది కాదు, పొగ పరీక్షలో తప్పేది, విషం మా సందు పిల్లల ముక్కుల్లోకి పోయేది. ప్లగ్గు, డబ్బా రెండూ కొత్తవి వేయించేదాకా స్టూలు దిగలేదు. కిరాయిలు పోయాయని మావాడు మూతి ముడిచినా, మర్నాడు వంతెన మీంచి ఫోను చేశాడు, ఎక్కేసిందని.

ఆనాడు బండి ఇంటిల్లిపాదిదీ. దాని వాసనా, దగ్గూ, మోతా మా ఆడవాళ్లకు తెలిసేవి, తెలిసినందుకు పోట్లాడేవాళ్లం. ఇప్పటి బండి తన బాధ ఏదో ఆ పసుపు దీపంతో చెప్పుకుంటుంది, మగవాళ్లు దాన్ని ఆర్పే ఉపాయం వెతుకుతారు. కుళాయి దగ్గర కలిసి ఉతికినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. నా తరవాత ఆ స్టూలు ఎవరు లాక్కుంటారో తెలియదు.