తొమ్మిది నంబరు బండి

పాత కారు కొనేటప్పుడు మీరు ముందు బ్రేకు చూస్తారా, నంబరు చూస్తారా?

మా బావమరిది మునిరత్నం నంబరు చూశాడు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి యాత్రికులను తిప్పి బతుకుదామని పోయినేడాది పాకాలలో ఒక కారు బేరం చేశాడు. నంబరు అంకెలు కూడితే తొమ్మిది వచ్చిందని మురిసిపోయాడు. బ్రేకు తొక్కితే మాత్రం పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోంది. మెకానిక్‌ను పిలుద్దామన్నాను.

"పదిన్నరకు రాహుకాలం వస్తాది బావా. ఆలోగా అడ్వాన్సు ఇచ్చేయాల. ఇప్పుడు మెకానిక్‌ను యాడ ఎతికేది?" అన్నాడు.

సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడే నేను, అత్తగారింట్లో అలుగుతారని ఊరుకున్నాను. ఒకసారి నడిపి చూద్దామని మాత్రం పట్టుబట్టాను.

మునిరత్నం నడిపాడు. నేను పక్కన, కారు యజమాని వెనక కూర్చున్నాం. రైల్వే గేటు వైపు దిగే వాలులో బ్రేకు పట్టలేదు. గేటు వేసి ఉంది. దాని ముందు కూలికి పోయే ఆడవాళ్లతో కిక్కిరిసిన ఆటో ఆగి ఉంది. నేను హ్యాండ్ బ్రేకు లాగాను. మునిరత్నం స్టీరింగు తిప్పి కారును పక్కనున్న ఇసుక కుప్పలోకి ఎక్కించాడు.

"సూసినావా అప్పా, తొమ్మిది మహిమ. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు," అన్నాడు యజమాని తాపీగా. మునిరత్నం అవునన్నట్టు తల ఊపాడు.

"ఆ ఆటో నంబరు కూడా కూడి చూసినావా?" అని మునిరత్నాన్ని అడిగాను.

మునిరత్నం ఆటోలోని ఆడవాళ్లను చూశాడు. కారు తాళంచెవి యజమాని చేతిలో పెట్టేశాడు.

ముందే గట్టిగా అడ్డు చెప్పనందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. మీ ఇంట్లో ఎవరు అలిగినా సరే, మెకానిక్ చూసేదాకా అడ్వాన్సు ఇవ్వనివ్వకండి.